ఐసీయూలో బండారు పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాపు పక్షవాతంతో వరంగల్‌లో ఐసీయూలో ఉన్నడు. ముక్కులో పైపు వేసిన్రు, ఆక్సిజన్ నడుస్తున్నది. అమ్మ ఐనవోలు మల్లన్న బండారు (పసుపు), మేడారం బెల్లం, గుడి తీర్థం తెచ్చింది. సిస్టర్లు దగ్గరికి రానిస్తలేరు. ఏం చేయాలె? – ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: సిస్టర్ల భయం మల్లన్న గురించి కాదు, నోరు, ముక్కు, సూది పెట్టిన చోటు గురించి.

అన్నిటికన్నా ప్రమాదం తీర్థంతోనే. పక్షవాతంలో మింగే శక్తి దెబ్బతింటుంది. చెంచాడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తాయి. మింగగలుగుతున్నాడో లేదో పరీక్షించి డాక్టర్ చెప్పేదాకా చుక్క కూడా వద్దు. నోట్లో కాదు కదా అని తీర్థాన్ని ఆహారం పోయే ముక్కు పైపులో పోసేవాళ్లున్నారు. తులసాకు, యాలకుల తుక్కు అడ్డంపడి పైపు మూసుకుపోతుంది. వేలు ముంచి నుదుటికి అద్దండి, చాలు.

బండారు చిటికెడు తడిపి నుదుటికే పెట్టాలి. పొడిగా చల్లితే ముక్కులోకి పోతుంది, మెడ దగ్గర సూది ఉంటే దానిమీదా పడుతుంది. వేళ్లకు రాయొద్దు, ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉండేది అక్కడే. బెల్లం ఇంట్లోనే ఉంచండి, వార్డులో చీమలు పడతాయి. నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం) మొక్కు బాపు లేచాక తూకం వేసి తీర్చుకోవచ్చు. వనదేవతలు తొందరపెట్టరు.

కంకణం సెలైన్ ఎక్కని చేతికి, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి. చేయి వాస్తే దారం బిగుసుకుంటుంది. లోహపు తాయెత్తు ఉంటే ఎంఆర్‌ఐకి ముందు తప్పక తీయాలి. దీపం, అగరబత్తి, కర్పూరం ఊసే వద్దు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది.

స్పృహ లేనట్టున్నా చెవులు వినొచ్చు. అమ్మను తానెవరో చెప్పి, చేయి పట్టుకుని, ఐదు నిమిషాలు మెల్లగా మల్లన్న పాట పాడమనండి. తెమడ తీసేటప్పుడు, డాక్టర్ల రౌండ్స్ వేళ ఆగాలి. బాపు కళ్లు తెరిచాక మాత్రం ఆయన్నే అడగాలి. వద్దని తలూపితే ఆపేయాలి.

ప్రశ్న: వార్డులో ముస్లిం పేషెంట్ చివరి ఘడియల్లో ఉంటే స్టాఫ్ ఏం చేయాలి? – స్టాఫ్ నర్స్, కరీంనగర్

జవాబు: ముందు ఇంటివాళ్లను అడగండి, అందరి పద్ధతీ ఒకటి కాదు. మామూలుగా ముఖం కిబ్లా (మక్కాలోని కాబా ఉన్న దిక్కు) వైపు తిప్పుతారు. మనకది పడమర, కాస్త ఉత్తరానికి. మంచం తిప్పే జాగా లేకపోతే తల కింద దిండు పెట్టి ముఖం తిప్పినా సరిపోతుంది. మెడకు దెబ్బ ఉంటే అదీ వద్దు. ఇంటివాళ్లలో ఒకరిని చెవి దగ్గర మెల్లగా కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) చదవనివ్వండి.

ప్రాణం పోయాక కళ్లు మూసి, దవడ జారకుండా గుడ్డతో కట్టి, కాళ్లూ చేతులూ చక్కగా సర్ది దుప్పటి కప్పండి. స్నానం మీరు చేయించొద్దు. గుసుల్ (అంత్యస్నానం) వాళ్లే చేయిస్తారు, మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. ఖననం ఆలస్యం చేయరు కాబట్టి కాగితాలు వెంటనే కదపండి. పోలీసు కేసైతే పైపులు తీయొద్దు. పోస్ట్‌మార్టం ఎందుకు తప్పదో, బాడీ ఎప్పటికి చేతికొస్తుందో డ్యూటీ డాక్టర్‌తో మొదట్లోనే చెప్పించండి.