అమ్మలూ, ఫేజ్ దిక్కు చూసుకో

అమ్మలూ,

నువ్వు ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మేనకోడలు నా పనిలోకే వస్తోందని సంతోషం. ఆ గదిలో ఏమేం జరగొచ్చో తెలుసు కాబట్టి భయం.

తాళాలు, పిన్నులు, వాచీ బయటే పెట్టు. పేస్‌మేకర్ ఉందా అని పేషెంట్‌ని అడుగు, ఇంటివాళ్ళనీ అడుగు. స్కాన్ ఆగినా మాగ్నెట్ ఆగదు. ఆక్సిజన్ సిలిండర్‌తో ఎవరైనా గుమ్మం దాకా వస్తే అడ్డంగా నిలబడు, పెద్ద డాక్టరు అరిచినా సరే జరగకు.

ఇక అసలు సంగతి. 1.5 టెస్లా బలమున్న మాగ్నెట్‌లో ఒంట్లోని నీళ్ళన్నీ 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకే శ్రుతిలో పలుకుతాయి. ఏ పలుకు కాలేయానిదో, ఏది వెన్నుదో మెషిన్‌కి తెలీదు. గ్రేడియంట్ కాయిల్ ఆ బలాన్ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి కొద్దికొద్దిగా పెంచుతుంది. బలం పెరిగిన చోట శ్రుతీ పెరుగుతుంది. మీటరుకి 10 మిల్లీటెస్లా చొప్పున పెంచితే, నడిమి నుంచి 10 సెంటీమీటర్ల అవతలి నీళ్ళు నడిమి నీళ్ళ కంటే సుమారు 43 కిలోహెర్ట్జ్ ఎక్కువ శ్రుతిలో పలుకుతాయి. శ్రుతిని బట్టి చోటు తెలుస్తుంది. 1973లో లాటర్‌బర్ అనే శాస్త్రవేత్త రెండు సన్నటి గొట్టాల్లోని నీళ్ళని ఇలాగే విడివిడిగా చూపించాడు. అది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

స్లైస్‌ని, అంటే బొమ్మ తీసే పలచటి పొరని, ఒక గ్రేడియంట్ ఎంచుకుంటుంది, ఒక దిక్కుని శ్రుతి చెబుతుంది. మూడో దిక్కు ఫేజ్‌ది, అంటే ఆ పలుకు తన చుట్టులో ఎక్కడ ఉందన్నదానిది. నేను తప్పు చేసింది అక్కడే.

సికింద్రాబాద్ క్లాక్ టవర్ కింద నిలబడి పెద్ద ముల్లు చూడు. పన్నెండు మీద ఉంటే, ఇప్పుడే బయల్దేరిందా, ఒక చుట్టు తిరిగొచ్చిందా? ముల్లుని చూసి చెప్పలేవు. ఫేజ్ కూడా అంతే. మనం పెట్టిన ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే బొమ్మలో చూపించే మేర, దాటి ఉన్నదాని ముల్లు చుట్టు దాటిపోతుంది. మెషిన్ దాన్ని అవతలి అంచున వేసేస్తుంది.

అప్పుడు నేనొక స్కానింగ్ సెంటర్లో ఉండేవాణ్ణి. బయట క్యూ. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి పొట్ట స్కాన్, కరోనల్, అంటే ఎదురుగా నిలబడి చూసినట్టు. ఫేజ్ కుడి నుంచి ఎడమకి పెట్టాను. చేతులు పక్కనే ఉన్నాయి, పైకి పెట్టించలేదు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ తగ్గించాను. అంచుల అవతల ఉన్నదాన్ని కూడా కొలిచే ఓవర్‌శాంప్లింగ్‌ని టైమ్ కలిసొస్తుందని తీసేశాను. ఆవిడ ఎడమ చెయ్యి కాలేయం మీద నీడలా వచ్చి పడింది. నేను చూసుకోలేదు. డాక్టరు అనుమానపడి మళ్ళీ రమ్మన్నారు. మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదట.

ఈసారి చేతులు తల పైకి పెట్టించి, ఓవర్‌శాంప్లింగ్ వేసి తీశాను. నీడ లేదు. "అది మీ చెయ్యేనమ్మా" అన్నాను. ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తి, గాజులు తీసిన మణికట్టుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా. స్టార్ట్ నొక్కేముందు ఫేజ్ ఎటు ఉందో, ఆ దిక్కున ఒళ్ళు ఎంత దాకా ఉందో చూడు. క్యూ ఎంతున్నా ఉండనీ. ఎవరైనా తొందరపెడితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

నైట్ డ్యూటీ ఉంటే బాక్సు కట్టుకుని వెళ్ళు, ఖాళీ కడుపుతో కూర్చోకు. నీ మొదటి స్కాన్‌లో ఫేజ్ ఎటు పెట్టావో ఆ పూటే నాకు ఫోన్ చేసి చెప్పాలి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ మావయ్య