సగం జీతానికి చేస్తానన్నా వద్దన్నారు

"ఇష్టమైన ఆటగాడు క్లబ్ వదిలి వెళ్ళిపోతే ఫుట్‌బాల్ అభిమానులు ఇంట్లో మనిషి పోయినట్టు ఎందుకు ఏడుస్తారు? ఐపీఎల్ వేలంలో ఏటా అటూ ఇటూ మారుతూనే ఉంటారుగా?" అన్నది ప్రశ్న.

ముందు ఆ రెండో ముక్క సంగతి తేల్చేద్దాం. ఐపీఎల్‌లో ఎవరూ బాధపడరని ఎవరన్నారండీ? 2016లో హైదరాబాద్‌కి కప్పు తెచ్చిపెట్టిన వార్నర్‌ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దింపేసి, ఆఖరికి స్టాండ్స్‌లో కూర్చోబెట్టినప్పుడు మా వీధి కుర్రాళ్ళు రెండు రోజులు నోటికొచ్చినట్టు తిట్టారు. కాకపోతే రెండు రోజులే. మూడో రోజు ఇంకెవరో సిక్స్ కొట్టారు, మర్చిపోయారు. అదొక రెండు నెలల తిరనాళ్ళు. తిరనాళ్ళలో దుకాణం ఎత్తేస్తే ఎవరూ ఏడవరు.

నాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు. మా వైపు సంక్రాంతికి కోడిపందేలు, మిగతా రోజుల్లో క్రికెట్టు. ఫుట్‌బాల్ చూసేవాడు ఊరికి ఒకడుంటే గొప్ప. నాకు ఈ పిచ్చి పట్టింది ఇంజినీరింగ్ హాస్టల్లో, 2011 మే నెలలో. లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా 3, ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ 1. బార్సిలోనా రెండో గోల్ మెస్సీది. అంత పొట్టివాడు పెనాల్టీ బాక్స్ బయటి నుంచి ఎవరూ ఊహించనప్పుడు కొట్టి, తిక్కపట్టినట్టు పరిగెత్తాడు. ఆ రాత్రితో అయిపోయింది నా పని.

చదువయ్యాక ఊరొచ్చి చెరువులు చూసుకుంటే ఈ పిచ్చి తగ్గాలి కదా, పెరిగింది. రొయ్యల రైతుకి రాత్రి నిద్ర ఉండదు. పొద్దుగూకిన దగ్గర్నుంచి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతూ పోయి తెల్లారగట్లకి అడుగంటుతుంది. ఆ టైంలో కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి పట్టించే మిషన్లు) ఆగాయో, రొయ్యలు పైకి తేలతాయి, మనం మునిగిపోతాం. అందుకని గట్టు మీద షెడ్డులో మంచం వేసుకుని మెలకువగా ఉండాలి. స్పెయిన్‌లో రాత్రి మ్యాచ్ అంటే మనకి అర్ధరాత్రి దాటాక. రొయ్యల రైతుని అడిగి పెట్టినట్టే ఉండేది ఆ టైమింగు. పైగా 2018 నుంచి 2021 దాకా లా లిగా, అదే స్పెయిన్ లీగ్, మన దేశంలో ఫేస్‌బుక్‌లోనే వచ్చేది, ఉచితంగా. ఫోను మేత బస్తాకి ఆనించి పెట్టుకుంటే చాలు. (సరిగ్గా మెస్సీ వెళ్ళిపోయిన నెలలోనే అది కాస్తా ఎంటీవీకి పోయింది. పాటల ఛానల్లో ఫుట్‌బాలేమిటో, ఆ బుర్ర ఎవరిదో! అది వేరే ఏడుపు.)

2021 ఆగస్టు 5, గురువారం రాత్రి పదకొండు దాటాక ఆ కబురొచ్చింది. మెస్సీ ఇక బార్సిలోనాలో కొనసాగడని క్లబ్బే ప్రకటించింది. జూన్ 30తో కాంట్రాక్టు ముగిసిన సంగతి తెలుసు కానీ, కొత్తది కుదిరినట్టేనని అందరూ రాస్తున్నారు. నేనూ అదే నమ్మాను. ఆ రాత్రి నేను చెరువు వంక చూసింది తక్కువ, ఫోను వంక చూసింది ఎక్కువ. కరెంటు పోలేదు కాబట్టి సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి ప్రెస్ మీట్ అన్నారు. ఆ రోజు ఆషాఢ అమావాస్య. చెరువుల వాళ్ళకి అమావాస్య, పౌర్ణమి అంటే టెన్షన్. ఆ రోజుల్లో రొయ్య పైపొర విడుస్తుంది, ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, మేత సరిగ్గా తినదు. మేత తగ్గించాలి, మినరల్స్ చల్లాలి, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు ఒకటికి రెండుసార్లు ఎత్తి చూడాలి. ముందురోజే నీరజ్ చోప్రా ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టాడు. ఊళ్ళో ఏ ఫోన్లో చూసినా అదే వీడియో. దేశమంతా పండగ చేసుకుంటుంటే నేనొక్కణ్ణే షెడ్డులో మొహం వేలాడేసుకుని కూర్చున్నా. మా చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ట్రే పట్టుకుని వచ్చాడు. నేను బాబాయ్ అంటాను. ఫోన్లో మెస్సీ మైకు దగ్గరికొచ్చి, నోరు తెరవకముందే ఏడుపు మొదలుపెట్టాడు. ముందు వరసలోంచి భార్య టిష్యూ అందించింది.

"ఎవరు బాబూ అతను? ఎవరన్నా పోయారా?" అన్నాడు బాబాయ్.

"ఎవరూ పోలేదు బాబాయ్. చేసే పని వదిలేసి వెళ్తున్నాడు."

"వెళ్ళేవాడికి ఏడుపెందుకు?"

"వెళ్ళడం ఇష్టం లేదు. సగం జీతానికైనా చేస్తానన్నాడంట."

బాబాయ్ ట్రే కింద పెట్టాడు. అందులో నాలుగు రొయ్యలు మెత్తగా పడున్నాయి. వాటిని చూడాల్సిన మనిషి ఫోన్లోకి వంగాడు. "సగానికి చేస్తానంటే వద్దన్నారా?"

"ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఆ సగం కూడా లేదు."

"ఎన్నాళ్ళ బట్టి ఉన్నాడు అక్కడ?"

"పదమూడేళ్ళప్పుడు వచ్చాడు. ఇరవై ఏళ్ళు దాటింది."

ఆయన కాసేపు ఆ ఏడుపే చూశాడు. "మరి లెక్క చూసి పంపారా?" అన్నాడు.

మీరెన్ని వ్యాసాలు చదవండి, మెస్సీ వ్యవహారం మీద ఇంతకంటే సూటి ప్రశ్న దొరకదు. 778 మ్యాచులు, 672 గోల్స్. ఆ లెక్క ఎవరు చూడగలరు?

అసలు కారణం మా ఆక్వా రైతులకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. క్లబ్బు అప్పు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడు లాపోర్తా ఆ నెలలోనే చెప్పాడు. మెస్సీ లేకుండానే జీతాల ఖర్చు ఆదాయంలో 95 శాతం, అతనితో కలిపితే 110. స్పెయిన్ లీగ్‌లో ప్రతి క్లబ్బుకీ ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక పరిమితి ఉంటుంది. మా దగ్గర రేటు బాగున్నప్పుడు కారు కొని, మేడ కట్టి, రేటు పడిపోగానే మేత డీలరుకి మొహం చాటేసే రైతులు లేరూ? అచ్చం అదే. ఆటగాడి మీద ఆటగాణ్ణి కొన్నారు, చివరికి ఇంటి పిల్లవాడికి అన్నం లేదన్నారు. ఆ పిల్లవాడికి మొదట ఇచ్చిన మాట కూడా 2000 డిసెంబరులో ఒక పేపర్ నాప్కిన్ మీద రాసిచ్చిందే. మా వైపు రొయ్యల బేరం సిగరెట్ పెట్టె మీద రాసుకున్నట్టు.

ఇక మీ ప్రశ్నకి వస్తే, నాకో గట్టి అభిప్రాయం ఉంది, ఎవరు కాదన్నా సరే. ఎక్కువ బాధ పడేది బార్సిలోనాలో ఉన్నవాళ్ళు కాదు, మాలాంటి దూరపు వాళ్ళం. అక్కడివాడికి ఆటగాడు పోయినా ఊరుంటుంది, స్టేడియం ఉంటుంది, పక్క సీట్లో తాత నాటి నుంచి కూర్చునే కుటుంబం ఉంటుంది. మాకేముంది? నేను వాళ్ళ స్టేడియం కాంప్ నౌ చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. నాకు క్లబ్బంటే ఆ పదో నంబరు చొక్కా వేసుకున్న మనిషే. ఆ మనిషి పోతే మిగిలేది దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఎవరో పదకొండు మంది. పోనీ అతని వెనకే, అతను చేరిన పారిస్ క్లబ్బుకి వెళ్దామని చూశాను. నాలుగు మ్యాచులు చూశాను. ఆ చొక్కాలో అతను చుట్టపుచూపుకి వచ్చినవాడిలా కనిపించాడు. మళ్ళీ బార్సిలోనాకే వచ్చి పడ్డాను. అక్కడా మనసు నిలవలేదు.

తప్పు ఒప్పుకోవాలి. మా బావ బార్సిలోనాకి బద్ధ ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్ మనిషి. 2018 జులైలో వాళ్ళ రొనాల్డో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కి వెళ్ళినప్పుడు నేను వాణ్ణి నెల రోజులు ఏడిపించాను. నలుపు తెలుపు చారల చొక్కా ఫొటో రోజూ పొద్దున్నే పంపేవాణ్ణి, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లాగా. మెస్సీ వెళ్ళిన రోజు వాడు బదులు తీర్చుకుంటాడని ఫోను పక్కన పెట్టేశా. వాడు ఫోన్ చేయలేదు. మెసేజ్ లేదు. వారం తర్వాత కలిస్తే రొయ్య ఎంత కౌంటుకి (కిలోకి ఎన్ని) వచ్చిందని అడిగాడంతే. తిట్టినా బాగుండేది.

ఇక్కడే ఇంకో మాట. అంత దూరం వాళ్ళ కోసం ఎందుకు, మన క్లబ్‌ని చూసుకోవచ్చుగా అంటారు. చూసుకున్నామండీ. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది. ఆ సీజన్లో ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. ఇదీ మన జట్టు అని పొంగిపోయా. 2023లో ఒగ్బెచె వెళ్ళిపోయాడు, తర్వాత ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు, 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి పేరు మార్చుకుంది. ఆటగాడు వెళ్తే ఎందుకేడుస్తారని అడుగుతున్నారు, క్లబ్బే వెళ్ళిపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్‌ని ఇచ్చిన ఊరు హైదరాబాద్. 1962 ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం ఆయన శిక్షణలో వచ్చిందే.

నాకు ఇప్పటికీ గుచ్చుకునేది మాత్రం ఏడుపు వీడియో కాదు. 2021 మే 16. సెల్టా వీగో అనే ఇంకో స్పెయిన్ క్లబ్బుతో బార్సిలోనా మ్యాచ్, మనకి రాత్రి పదింటికి. కరోనా రెండో వేవ్ రోజులు, ఊళ్ళో రోజుకో చావు కబురు. మెస్సీ తలతో ఒక గోల్ కొట్టాడు. హాఫ్ టైంకి 1-1. ఈ ఏడాది టైటిల్ ఎలాగూ రాదని ఫోను ఆపేసి పడుకున్నా. ఆ తర్వాతి మ్యాచ్ అతను ఆడలేదు. అంటే నేను ఆపేసిందే ఆఖరిది. ఆ సంగతి ఆగస్టులో గాని తట్టలేదు.

తర్వాత వెతికి ఆ రెండో సగం చూశాను. ఏమీ లేదందులో. 89వ నిమిషంలో సెల్టా గోల్ కొట్టింది, 2-1తో ఓడిపోయారు. చెయ్యి ఊపి వీడ్కోలు చెప్పడానికి స్టాండ్స్‌లో ఒక్క మనిషి లేడు. అయినా పూర్తిగా చూశాను, తెల్లవారుజామున, ఏరేటర్ల చప్పుడులో.

బాబాయ్ ఇప్పటికీ మాతోనే ఉన్నాడు. ఎప్పుడైనా నా చేతిలో ఫోన్లో మ్యాచ్ కనబడితే అడుగుతాడు.

"ఆ సగం జీతం కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడు బాబూ?"

"అమెరికాలో, బాబాయ్."

"ఓహో. మనోళ్ళలాగే," అని మేత డబ్బా తీసుకుని పడవ ఎక్కుతాడు.