జాన్ స్విన్నీ స్కాట్లాండ్ ప్రభుత్వంలో ఏయే పదవులు చేశారు?

2007లో ఎస్‌ఎన్‌పీ (స్విన్నీ పార్టీ అయిన స్కాటిష్ నేషనల్ పార్టీ) తొలిసారి అధికారంలోకి రాగానే ఆర్థిక శాఖ స్విన్నీకి దక్కింది. 2016 దాకా ఆయన దగ్గరే ఉంది. మొదటి నాలుగేళ్లు కష్టకాలం. స్కాట్లాండ్ పార్లమెంటులోని 129 సీట్లలో పార్టీ గెలిచినవి 47 కాబట్టి బడ్జెట్‌కు బయటి మద్దతు తప్పనిసరి. 2009 జనవరిలో ఓట్లు 64–64 కావడంతో ప్రిసైడింగ్ ఆఫీసర్ (స్పీకర్ లాంటి పదవి) ఓటుతో బడ్జెట్ వీగిపోయింది. వారంలోనే ప్రతిపక్షాలతో మాట్లాడి 123–2తో నెగ్గించుకున్నారు. ఆయన అసలు సత్తా అదే.

2014 నవంబర్ నుంచి 2023 మార్చి దాకా డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్, అంటే ప్రభుత్వంలో రెండో స్థానం. 2016–21లో విద్యాశాఖ కూడా చూశారు, గట్టి దెబ్బ తగిలిందీ అక్కడే. 2020లో కొవిడ్‌తో పరీక్షలు రద్దయ్యాక, టీచర్లిచ్చిన గ్రేడ్లను పరీక్షల బోర్డు ఆయా బడుల పాత ఫలితాలు చూసి తగ్గించింది. పేద ప్రాంతాల పిల్లలే ఎక్కువ నష్టపోయారు. వారం తర్వాత స్విన్నీ ఆ కోత ఎత్తేశారు.

2024 మేలో ఫస్ట్ మినిస్టర్, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అయ్యారు.