ముందు ఎత్తు, ఆ తరవాతే నాబ్

అల్లుడూ,

స్విఫ్ట్‌కి కాయిలోవర్లు, అంటే బండి ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాకబ్జర్ సెట్లు, వేయించావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. “బండెక్కితే నడుం విరుగుతోందిరా తమ్ముడూ, నువ్వైనా చెప్పు వాడికి” అంది. తరవాత నువ్వూ ఫోన్ చేశావు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర బండి అడుగు తగులుతోందని, షాకబ్జర్ గట్టిదనం మార్చే నాబ్‌ని గట్టి వైపు తిప్పుకుంటూ పోయావట, అయినా తగలడం ఆగలేదట. ఆగదు. ఫోన్‌లో తెగే విషయం కాదని ఇలా రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

నాబ్ తిప్పితే షాకబ్జర్ లోపల నూనె కదిలే సందు ఇరుకవుతుంది, అంతే. స్ప్రింగ్ ఎంత వేగంగా నొక్కుకోవాలో, ఎంత వేగంగా తిరిగి లేవాలో అది చూసుకుంటుంది. బండి బరువు మోసేది మాత్రం స్ప్రింగే. నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా నిలబెట్టిన బండి ఎత్తు మారదు. నీకు అడుగు తగిలేది ఎత్తు చాలక. అందుకే ముందు ఎత్తు సంగతి తేల్చు. అది తేలేదాకా నాబ్ ముట్టుకోకు.

2018 మోడల్ స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుక్కీ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. ఆ కొలతతో వేస్తే కాస్త దించిన బండి కూడా హాయిగా దాటేస్తుంది. కానీ మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు సిమెంటుతో కట్టించుకున్న దిబ్బలకి ఆ కొలతలు ఎవరు చెప్పారు? నన్నడిగితే కంపెనీ ఎత్తు మీద 15, మహా అయితే 20 మిల్లీమీటర్లు దించు. అంతకు మించి వద్దు. అందం తగ్గుతుందంటావు, తగ్గనీ.

ఎక్కువ దించితే బండి రోడ్డుకి అతుక్కుని పోతుందని కుర్రాళ్లందరికీ ఒక నమ్మకం. స్విఫ్ట్ ముందు వైపు లోయర్ ఆర్మ్ చూడు, చక్రాన్ని అడుగున బండికి కలిపే చెయ్యి అది. మామూలు ఎత్తులో అది చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. బండిని బాగా దించితే ఆర్మ్ ఎదురు వాలుకి, అంటే చక్రం వైపు పైకి తిరుగుతుంది. అప్పుడు మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బాడీ కంటే ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఫలితంగా ఒరిగే గుణం తగ్గడానికి బదులు పెరుగుతుంది. దాన్ని ఆపడానికి మళ్లీ గట్టి స్ప్రింగులు వేయాలి. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ వాలు కూడా మారుతుంది కాబట్టి గతుకుల్లో స్టీరింగ్ దానంతట అదే లాగుతుంది.

ఇంకో అపోహ, స్ప్రింగ్ కాలర్ (స్ప్రింగ్ కూర్చునే మర రింగు) బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. లెక్క వేసి చూడు. 5 కేజీల స్ప్రింగ్ అంటే ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి 5 కేజీల బరువు కావాలి. ఒక మూల మీద 250 కేజీలు పడితే అది 50 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. నువ్వు ముందే కాలర్‌తో 10 బిగించి పెడితే, బరువు పడ్డాక ఇంకో 40 నొక్కుకుంటుంది. మొత్తం అదే 50. ఆ పైన ఇంకో మిల్లీమీటరు నొక్కాలన్నా అదే 5 కేజీలు. బండి 10 మిల్లీమీటర్లు పైకి లేచింది, అంతే. నిజంగా గట్టిదనం మారాలంటే స్ప్రింగే మార్చాలి.

మరి ఎత్తు ఎక్కడ మార్చాలి? మంచి సెట్లకి ముందు వైపు రెండు చోట్ల సర్దుబాటు ఉంటుంది. స్ప్రింగ్ కింద కాలర్ ఒకటి, అడుగున చక్రానికి బిగించే బ్రాకెట్ దగ్గర ఇంకొకటి. స్ప్రింగ్ కాలర్‌ని తయారీదారు చెప్పిన చోట ఉంచి, ఎత్తంతా కింది బ్రాకెట్ దగ్గరే మార్చు. స్ప్రింగ్ కాలర్ దించి ఎత్తు తగ్గిస్తే షాకబ్జర్ రాడ్ నిలబడ్డప్పుడే చాలా లోపలికి దూరి ఉంటుంది. గోతిలో పడగానే మిగిలిన కాస్త ప్రయాణం అయిపోయి, చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి, అంటే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. మీ అమ్మ నడుముకి తగిలేది ఆ దెబ్బే అని నా అనుమానం. నీ సెట్‌కి కాలర్ ఒక్కటే ఉంటే ఇంకా తక్కువ దించాలి, వేరే దారి లేదు. వెనక వైపు స్విఫ్ట్‌కి స్ప్రింగ్ వేరు, షాకబ్జర్ వేరు. అక్కడ కాలర్ తిప్పినంతే ఎత్తు మారాలని లేదు, తిప్పాక కొలిచి చూసుకో.

కొలత నేల నుంచి తీయకు. టైర్లలో గాలి తేడా ఉంటే అదీ తప్పే చెబుతుంది. చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలువు. చదునైన చోట, అర ట్యాంకు పెట్రోలుతో. ముఖ్యంగా జాకీ దించిన వెంటనే కొలవొద్దు. చక్రాలు ఇంకా లోపలికి లాక్కుని ఉంటాయి, బండి ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ రెండుసార్లు నొక్కి వదిలి అప్పుడు టేపు పట్టు. నాలుగు మూలలూ పుస్తకంలో రాసుకో. ఎడమకీ కుడికీ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే దాని వెంట పడకు.

నేను పని నేర్చుకున్నది సాలూరు లారీ షెడ్లలో. అక్కడ ఖాళీ లారీని చూసి స్ప్రింగ్ సంగతి ఎవరూ తేల్చరు, లోడెక్కాకే మాట్లాడతారు. నువ్వూ అంతే. వారమంతా ఒక్కడివే తిరుగుతావు, పండక్కి మాత్రం నలుగురితో, డిక్కీలో బియ్యం బస్తాతో విజయనగరం వస్తావు. ఆ బరువుతో వెనక టైరు ఫెండర్ లోపల రాసుకుంటోందా, బంప్ స్టాప్‌కి కొట్టుకుంటోందా చూసి అప్పుడు ఎత్తు ఖాయం చెయ్యి.

పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టకు, స్టాండ్లు పెట్టు. స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన ముందు కాలు) పైన నడుమ ఉండే నట్టు జోలికి పోకు, స్ప్రింగ్ నొక్కుకుని ఉన్నప్పుడు అది విప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఎత్తు మార్చాక బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగట్లేదు కదా చూడు. ఆర్మ్ చివరి రబ్బరు బుష్ బోల్టులు వదులు చేసి ఉంటే, చక్రాల మీద బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరిగిపోతుంది.

ఇప్పుడు నాబ్. గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా చివరిదాకా తిప్పు, ఆగిన చోట బలం చూపించకు. దాదాపు అన్ని సెట్లకీ అదే పూర్తి గట్టి, నీ సెట్‌తో వచ్చిన కాగితం చూసి ఖాయం చేసుకో. అక్కడి నుంచి వెనక్కి క్లిక్‌లు లెక్కపెట్టు. మెత్త వైపు చివర ఒక్కో షాకబ్జర్‌కి ఒకటి రెండు క్లిక్‌లు అటూ ఇటూ ఉండొచ్చు, అందుకే లెక్క గట్టి వైపు నుంచే. నాలుగూ సరిగ్గా మధ్యలో పెట్టి మొదలుపెట్టు. నడిపి చూడటానికి దారి ఇది: శ్రీకాకుళం నుంచి చిలకపాలెం దాకా హైవే, అక్కడి నుంచి రాజాం రోడ్డు కొంత దూరం. ప్రతిసారీ అదే దారి, అదే వేగం, అదే బరువు. ఒకసారికి రెండు మూడు క్లిక్‌లు, అదీ ముందు జతకో వెనక జతకో. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో నీకే తెలియదు.

దిబ్బ దాటాక ముక్కు ఒక్కసారి ఊగి ఆగాలి. రెండు మూడు సార్లు తేలుతుంటే కాస్త గట్టి చెయ్యి. చిన్న పగుళ్ల మీద కూడా టకటకమని స్టీరింగ్‌లోకి వస్తుంటే, మలుపులో గతుకు మీద వెనక భాగం పక్కకి జరిగితే, గట్టిదనం మరీ ఎక్కువైంది. ఒక రకం మాత్రం చాలామంది పోల్చుకోలేరు. వరస గోతుల్లో మొదటిది బాగానే దాటి, మూడోది నాలుగోది వచ్చేసరికి దబ్బున కొట్టుకుంటే అది మెత్తదనం కాదు. ఒక గోతి తరవాత స్ప్రింగ్ తిరిగి లేచేలోపే ఇంకో గోతి వస్తోంది, బండి మెట్టు మెట్టుగా కిందికి దిగిపోతోంది. అక్కడ నాబ్‌ని మెత్త వైపుకే తిప్పాలి. నువ్వు చేసింది సరిగ్గా దీనికి ఎదురు. వానాకాలంలోనూ, అరకు ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డు తడిగా ఉన్నా ఒకటి రెండు క్లిక్‌లు మెత్తగానే ఉంచు, టైరు రోడ్డుని వదలదు.

బీచ్‌కి వెళ్లొచ్చిన మర్నాడు మంచినీళ్లతో కాలర్ల మరలు కడుగు. కళింగపట్నం ఉప్పుగాలికి కాలర్లు పట్టేస్తాయి. గ్రీజు పూయకు, ఇసుక అంటుకుంటుంది. తిప్పే ముందు నైలాన్ బ్రష్‌తో మరలు శుభ్రం చెయ్యి, లేకపోతే అల్యూమినియం మర ఊడొస్తుంది.

ఎత్తు ఖాయమైన రోజే వీల్ అలైన్‌మెంట్. ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిచూడకపోతే టైర్ల లోపలి అంచు నున్నగా అరిగిపోతుంది, బయట నుంచి కనిపించదు కూడా. హెడ్‌లైట్ల వాలు కూడా సరి చేయించు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ అని ఒకటుంది, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ లెక్కకి భిన్నమయ్యేలా బండి మార్చకూడదని. కాబట్టి పాత స్ట్రట్లు అమ్మేయకు, తిరిగి బిగించాల్సి రావొచ్చు. మీ ఇంట్లో చోటు లేకపోతే ఇక్కడ దాచిపెడతాను. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం రాతపూర్వకంగా చెప్పి ఉంచు.

కొద్ది రోజులు తిరిగాక స్ప్రింగులు ఇంకాస్త కూర్చుంటాయి. అప్పుడు నాలుగు కొలతలూ మళ్లీ తీసి, లాక్ కాలర్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, మొదటి కొలతలూ ఇవీ కలిపి నాకు పంపు. స్ప్రింగ్ మీద రాసున్న నంబరు కూడా ఫోటో తీసి పెట్టు, అది చూస్తే గాని నీకు మెత్త స్ప్రింగులు కావాలో వద్దో చెప్పలేను.

మీ మామయ్య
విజయనగరం