కున్మింగ్‌లో యోగా చెబుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

చైనాలో నీ అనుభవాల గురించి రాసి పంపిన పేజీలన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు చదివాను. మొదటి సగం తీసెయ్. వేయించిన పురుగులు, మంచినీళ్ళు అడిగితే వేడినీళ్ళివ్వడం, వంకాయలక్కూడా ఫోన్‌తోనే డబ్బులు కట్టడం, దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలని పరుగులు పెట్టడం, ఇవన్నీ నిజమే గానీ చైనా వెళ్ళిన ప్రతివాళ్ళూ రాసేవే. మన పిల్లలు ఎంబీబీఎస్‌కి అక్కడికి వెళ్ళడం మొదలైనప్పటి నుంచీ ఈ కబుర్లు తెలుగిళ్ళలో వింటూనే ఉన్నాం. నువ్వొక్కదానివే రాయగలిగేది ఇంకొకటుంది, నీ పొద్దుటి బ్యాచ్.

"పొద్దున క్లాసుకి పెద్దవయసు ఆంటీలు ఎక్కువ, చాలా సరదాగా ఉంటారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకు ప్రాణం ఉసూరుమంది. వారం మధ్యలో, పొద్దున తొమ్మిదింటికి, యాభై దాటిన అంతమంది ఆడవాళ్ళకి తీరిక ఎక్కడిది? చైనాలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఎన్నో ఏళ్ళుగా రిటైర్మెంటు వయసు యాభయ్యే, ఆఫీసు ఉద్యోగాల వాళ్ళకి యాభై అయిదు, 2025 నుంచే దాన్ని కొంచెం కొంచెంగా పెంచుతున్నారు. అంటే ఒంట్లో సత్తువ ఉండగానే ఉద్యోగం అయిపోయిన మనుషులు నీ ఎదురుగా మ్యాట్ పరుచుకుంటున్నారు. మనవణ్ణి బడిలో దింపి వస్తున్నారా, కూతురి ఇంట్లో ఉంటున్నారా, సాయంత్రం పార్కులో పాట పెట్టుకుని డాన్స్ చేసే గుంపులో వీళ్ళూ ఉన్నారా? ఆ ట్రాన్స్‌లేటర్ అమ్మాయిని పక్కన పెట్టుకుని అడుగు, క్లాసయ్యాక కాసేపు కూర్చుంటే చెబుతారు.

ఎవరి గురించి రాసినా ముందు వయసు లెక్కేసుకో. అరవై ఏళ్ళావిడ 1965 ప్రాంతంలో పుట్టి ఉంటుంది. మావో పిలుపుతో దేశాన్ని తలకిందులు చేసిన సాంస్కృతిక విప్లవం 1966లో మొదలై 1976లో ముగిసింది, అంటే ఆవిడ బాల్యమంతా అందులోనే గడిచింది. పెళ్ళయ్యేసరికి ఒక్క బిడ్డే కనాలన్న నియమం వచ్చేసింది, అది 2015 చివరిదాకా ఉంది. అయితే మీ కున్మింగ్ ఉన్న యున్నాన్ రాష్ట్రంలో యీ, బాయ్, హానీ లాంటి మైనారిటీ జాతులవాళ్ళు చాలామంది, వాళ్ళకి ఆ నియమంలో సడలింపులుండేవి, కాబట్టి అందరికీ ఒకే కథ అంటగట్టకు. నీకు వీపు చూపించి కూర్చున్న మనిషి ఏ కాలాల్ని దాటి వచ్చిందో తెలిస్తే నీ వాక్యం దానంతటదే మారుతుంది, "సరదా ఆంటీలు" అని రాయడానికి చెయ్యి రాదు.

భాష రాదని తెగ బాధపడ్డావు. 1920లలో చైనాలోని నాన్‌జింగ్‌లో పాఠాలు చెప్పి, 1938లో నోబెల్ అందుకున్న అమెరికన్ రచయిత్రి పెర్ల్ బక్ చిన్నతనం నుంచే అక్కడ పెరిగింది, చైనీస్ ఆవిడకి ఇంటి భాష లాంటిదే. నీకు అది లేదు, ఉన్నది ఏడాది వీసా. కానీ నీ చేతులకి తెలిసినవి చాలా ఉన్నాయి. భుజం సరిచేస్తుంటే ఎవరు బిగుసుకుపోతారు, ఎవరి మోకాలు మడత పడదు, శవాసనంలో ఎవరు నిజంగా నిద్రపోతారు, ఎవరు కళ్ళు మూసుకోవడానికి భయపడతారు, ఇది ఏ భాషా పండితుడికీ దొరకని సంగతి. ఇలాంటివి నీ చిత్తుప్రతిలో ఒక్కటీ లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. మొదటి వారాల్లో ప్రాణాయామం నేర్పుతూ నీకే ఆయాసం వచ్చిందన్న ముక్క బాగుంది, అది ఉంచు, 1,900 మీటర్ల ఎత్తున్న ఊరు కదా. "నన్ను వింతగా చూశారు" అన్నది మాత్రం ఇంకోసారి ఆలోచించు. 2015లో మన దేశంతో కలిసి యున్నాన్ మిన్జు యూనివర్సిటీలో యోగా కాలేజీ పెట్టిన ఊరది. వాళ్ళు నీకు ముందు ఇంకెందరు మన టీచర్లని చూశారో!

అమ్మతో మాట్లాడలేకపోవడం గురించి విసుగ్గా నాలుగు లైన్లు గిలికావు. దాన్ని పెంచు. అక్కడ వాట్సాప్ పనిచెయ్యదు, ఇక్కడ 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో వాళ్ళ వీచాట్ కూడా ఉంది. రెండు దేశాలూ చెరో తలుపూ వేసేస్తే మధ్యలో మీరిద్దరూ మిగిలారు. వాట్సాప్ కోసం పెట్టుకున్న వీపీఎన్ తెగిపోయినప్పుడల్లా అమ్మ ఎంత టెన్షన్ పడుతుందో ఆవిణ్ణే అడిగి ఆవిడ మాటల్లోనే రాయి.

చివరి విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తెలుగులో రాస్తున్నాను కదా, వాళ్ళకి తెలియదులే అనుకోకు. ఫోన్ పెడితే చాలు, వాళ్ళ భాషలోకి వచ్చేస్తుంది. నిన్ను టీచర్ అని నమ్మి మ్యాట్ మీద కూర్చుని భర్త గురించో, కొడుకు గురించో, ప్రభుత్వం గురించో చెప్పుకున్నది వాళ్ళకి చిక్కు తెచ్చేలా ఉంటే అది ఎంత బాగున్నా రాయొద్దు. పేరు ఒక్కటి మారిస్తే సరిపోదు, పని, వీధి, పిల్లల సంఖ్య కూడా మార్చు. అలా మార్చాక కథ నిలబడకపోతే వదిలెయ్. మిగతాది రాసేటప్పుడు, ఆవిడ తన కూతురికి చూపించుకున్నా చిన్నబుచ్చుకోకుండా ఉండేలా రాయి.

ఈసారి ఒక్క మనిషి మీద పది పేజీలు పంపు. ఎవర్ని ఎంచుకుంటావో నీ ఇష్టం, నేనైతే నీ క్లాసులో కళ్ళు మూసుకోవడానికి భయపడే ఆవిడ ఎవరైనా ఉంటే ఆవిడ గురించి ముందు చదవాలనుకుంటున్నాను.

ఉంటాను మరి.