కర్నూలులో పాత కార్ల క్లబ్బు: ముందు కారు మేస్త్రీని పట్టుకోండి

నాన్నగారి 1978 అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించానని, కర్నూలు చుట్టుపక్కల పాత కార్ల క్లబ్బు ఏదైనా ఉందా, లేకపోతే మొదలుపెట్టడం ఎలాగని అడిగారు. మాది అనంతపురం. నా దగ్గర ఉన్నది 1983 ప్రీమియర్ పద్మిని. ఆర్సీలో ఏ పేరున్నా మా ఇంట్లో అది ఇప్పటికీ ఫియటే. ఇలాంటి గుంపును నేను రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది నాలుగు నెలల్లో చెదిరిపోయింది.

అప్పుడు చేసిందంతా తలకిందుల పని. ముందు వాట్సాప్ గ్రూపు, తర్వాత క్లబ్బుకు పేరు, ఆపై అధ్యక్షుడు, కార్యదర్శి. నూట నలభై మంది చేరారు. రోజూ శుభోదయాలు, ఎక్కడివో కార్ల ఫొటోలు, మధ్యమధ్యలో "అమ్ముతారా" అంటూ బ్రోకర్లు. తీరా ఒక ఆదివారం కలుద్దామంటే వచ్చినవి మూడు కార్లు. అందులో ఒకదాన్ని వీధి చివర నుంచి తోసుకొచ్చారు. ఫొటోలో ఎవరి కారు ముందుండాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఇక ఎవరూ కలవలేదు.

రెండోసారి నా ఫియట్‌ను బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బొరేటర్‌ను విప్పి బిగించగల ఆ పెద్దాయనకు ఏ ఇంటి వెనుక, ఏ గుడ్డ కింద ఏ కారు ఉందో నోటికి వస్తుంది. ఆయన, కుషన్ పని చేసే మరొకాయన, లేత్ షాపు యజమాని కలిసి పదకొండు ఇళ్లు చెప్పారు. తిరిగే కార్లు ఏడే. అయినా ఆ పదకొండు ఇళ్లకూ స్వయంగా వెళ్లాను. ఒక ఇంట్లో భర్త పోయాక కారును కదిలించని పెద్దావిడ ఉన్నారు. అమ్మమని అడగడానికి రాలేదని నమ్మించడానికే నాకు రెండు కాఫీలు పట్టాయి. ఇప్పుడు ఆమె మనవడు మాతో వస్తున్నాడు. కారు తిరగకపోయినా మనుషులను చేర్చుకోండి. ప్రభుత్వ అంబాసిడర్లు నడిపి రిటైరైన డ్రైవర్లనైతే వెతికి మరీ పిలవండి. శబ్దం విని రోగం చెప్పేవాళ్లు వాళ్లే.

మమ్మల్ని నిజంగా కలిపింది మాత్రం ఎండ. ఒక మే నెలలో గుత్తి దాటాక నా బండి ఆగిపోయింది. వేడికి బండిలోని ఫ్యూయల్ పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బొరేటర్‌కు అందలేదు. వెనుక అంబాసిడర్‌లో వస్తున్న పెద్దాయన దిగి, భుజం మీది తువ్వాలు తడిపి ఫ్యూయల్ పంపు మీద చుట్టారు. పావుగంటలో బండి కదిలింది. ఆయనది మీ కర్నూలే. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆయన అటు నుంచి, మేము ఇటు నుంచి గుత్తిలో కలుసుకుంటున్నాం. జాతీయ రహదారి 44 మీదే ఉంది కాబట్టి ఇద్దరికీ దారి తేలిక. మీరు కొత్తగా మొదలుపెట్టేటప్పుడు అంత దూరం వద్దు. ఓర్వకల్లు రాతివనం దాకా చాలు. ఉదయం ఆరుకే బయలుదేరండి, తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి.

ఇక సామాను. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులూ, ఫ్యూయల్ పంపు లోపలి పలుచని పొర అయిన డయాఫ్రమూ దానికి తట్టుకోవు. వాటి బదులు కొత్తవి మేము తలా కొంత వేసుకుని బెంగళూరు జె.సి. రోడ్డు నుంచి ఒకేసారి తెప్పించుకుంటాం. మీకు సికింద్రాబాద్ రాణీగంజ్ అనుకూలం. అంబాసిడర్ ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నులకు గ్రీజు పెట్టడం మరవకండి. ఏడాదిలో మీటింగులు ఎన్ని జరిగాయన్నది ఎవరికీ గుర్తుండదు, తన బండికి దొరకని డయాఫ్రం తెచ్చిచ్చిన మనిషిని మాత్రం ఎవరూ మరచిపోరు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. నంబరులో వి.ఎ. అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు. మీది 1978లోనే రిజిస్టరై ఉంటే 2028 దాకా ఆ అర్హత రాదు. వచ్చినా తొందరపడకండి, ఆ నంబరు బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. అంతవరకు మామూలు ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు. క్లబ్బును సొసైటీగా నమోదు చేయాలంటే మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. బ్యాంకు ఖాతా అవసరమైన రోజున ఆ పని చూసుకోవచ్చు. మా గుంపుకు ఇప్పటికీ పేరే లేదు.

కార్లు తక్కువైతే లాంబ్రెట్టా స్కూటర్లు, ఎజ్డీ మోటారు సైకిళ్ల వాళ్లనూ పిలవండి. మొదట్లో నేను ఒప్పుకోలేదు, ఇప్పుడు సగం సందడి వాళ్లదే. ఈ ఆదివారం ముందు మీ టింకరింగ్ చేసినాయనను అడగండి, ఇంకెవరి అంబాసిడర్‌కు రేకు వేశారో.