ముందు నీళ్లు కట్టెయ్యి, ఫోను తర్వాత

రామమూర్తి నగర్, బెంగళూరు

చిరంజీవి సౌభాగ్యవతి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో పెళ్లివారింట్లో ఉన్నాను. మేళాల మోతలో నీ మాటలు సగమే వినపడ్డాయి. "పెద్దమ్మా, వంటింట్లో నీళ్లు ఆగట్లేదు" అన్నది మాత్రం బాగా వినపడింది, వెనకాల పాప ఏడుపూ వినపడింది. అల్లుడుగారు ఊళ్లో లేరు. కె.ఆర్. పురంలో ఇల్లు కొనుక్కుని చేరి రెండు నెలలు కూడా కాలేదు. ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశావు, గంటన్నరకి ఒకతను వచ్చాడు, సింకు కింద పైపు మార్చాడు, మూడు వేల ఐదు వందలు అడిగాడు, ఇచ్చేశావు. ఇచ్చినందుకు నేనేమీ అనను తల్లీ. ఆ సమయంలో ఎవరైనా ఇస్తారు. ఆ గంటన్నరసేపు పాపను చంకనేసుకుని తుండుగుడ్డలు పిండుతూ కూర్చున్నావే, అదే నా మనసులోంచి పోవడం లేదు. ఎందుకంటే ఆ నీళ్లు ఆపే యాంగిల్ కాక్ అదే సింకు కింద, నీ చేతికందే దూరంలో ఉంది. దాని సంగతి నీకు ఎవరూ చెప్పలేదు. గృహప్రవేశానికి వచ్చి రెండు రోజులున్నదాన్ని, నేనూ చెప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఒకసారి చదివి పక్కన పెట్టకుండా, ఇల్లంతా తిరుగుతూ చదువు.

మన ఇళ్లకి కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కి వస్తాయి. వీధి పైపులోంచి మీటరు దాటి సంపులో, అంటే నేలలో కట్టిన తొట్టిలో పడతాయి. సంపు నుంచి మోటారు మిద్దె మీది ట్యాంకుకి ఎక్కిస్తుంది. ట్యాంకు నుంచి వంటింటికి, బాత్‌రూములకి వేరువేరు పైపులు దిగుతాయి. ప్రతి పైపు మొదట్లో ఒక వాల్వు ఉంటుంది. ఎక్కడ పగిలినా, దానికి పైనున్న వాల్వు కట్టేస్తే ధార ఆగుతుంది. సింకు కింద అయితే యాంగిల్ కాక్, అది లేకపోతే, లేదా బిగుసుకుపోతే, మిద్దె మీది వాల్వు. నీళ్లు ఆగాక ఇల్లు తుడుచుకుని పడుకోవచ్చు. పొద్దున పిలిస్తే ప్లంబర్ మామూలు కూలికే వస్తాడు.

ఎంత తొందరగా కట్టాలో లెక్క చెప్తాను. పదిహేను లీటర్ల బకెట్‌ని ఒక నిమిషంలో నింపే ధార అనుకో. మీది వెయ్యి లీటర్ల ట్యాంకు. గంటా పది నిమిషాలు తిరిగేలోపు ట్యాంకంతా వంటింట్లోకి దిగిపోతుంది. ఇంకో మాట, మీ ఇంట్లో మోటారుకి ఆటోమేటిక్ పెట్టించారు కదా. ట్యాంకులో నీళ్లు తగ్గగానే అదే ఆన్ అయి సంపులోంచి మళ్లీ ఎక్కిస్తుంది. అంటే సంపు అడుగంటేదాకా లీకు ఆగదు. కాబట్టి వాల్వు కట్టగానే మోటారు స్విచ్ కూడా ఆపెయ్యి. గీజరు ఆపు. నేల మీద నీళ్లు నిలిచి, కింద ప్లగ్ పాయింట్లు ఉంటే, నీళ్లలో కాలు పెట్టకముందే పొడి చేతులతో కరెంటు బోర్డులో ఎంసీబీ, అదే మెయిన్ స్విచ్, దించెయ్యి. బోర్డే తడిసిపోతే దాని జోలికి పోవద్దు, పాపను తీసుకుని బయటికి వచ్చెయ్యి, కరెంటు కంపెనీ బెస్కాంకి 1912కి ఫోన్ చెయ్యి.

వాల్వుల విషయంలో నేను పడింది నువ్వు పడకూడదు. ఒక వానాకాలం అర్ధరాత్రి మా బాత్‌రూములో కొళాయి మొదలంటా విరిగింది. టార్చి పట్టుకుని మిద్దె ఎక్కాను. గుండ్రటి చక్రం ఉన్న ఇత్తడి గేట్ వాల్వు అది, ఇల్లు కట్టినప్పటి నుంచి ఎవరూ తిప్పింది లేదు. మాకు సగం బోరు నీళ్లే, ఆ నీళ్ల ఉప్పు లోపల రాయిలా పట్టేసింది. గుడ్డ చుట్టి తిప్పాను, కదల్లేదు. కటింగ్ ప్లయర్ పెట్టి బలంగా తిప్పాను. కటుక్కుమని కడ్డీ విరిగి చక్రం నా చేతిలోకి వచ్చేసింది. ఇక చేసేదేముంది, కింద మిగతా కొళాయిలన్నీ తెరిచి, దొరికిన బిందెలూ బకెట్లూ నింపి, మిగిలింది మోరీలోకి వదిలి ట్యాంకు ఖాళీ చేశాను. వాల్వు పట్టకపోతే ఆ పని ఒక్కటే దారి, గుర్తుంచుకో. మరుసటి వారమే అన్నీ బాల్ వాల్వులు పెట్టించాను. పొడుగు పిడి ఉంటుంది, పావు వంతు తిప్పితే చాలు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది. నెలకోసారి అన్నీ కట్టి తెరుస్తాను, ఉప్పు పట్టకుండా. మీ ఇంటి పాత ఓనరు గేట్ వాల్వులే వదిలి వెళ్లాడు, నేను చూశాను. వాటిని ఈ నెలలోనే మార్పించు.

నువ్వు పంపిన ఫోటోలో ఆ పాత కనెక్షన్ పైపు చూశాను. పైన అల్లిన స్టీలు తీగ ఇంకా మెరుస్తూనే ఉంది. కానీ చివరనున్న ప్లాస్టిక్ నట్టు మీద వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ తెల్లటి పొర, గోరుతో గీకితే సున్నంలా రాలేది. ఆ తెల్ల పొర ఎక్కడ కనపడినా అక్కడ కొన్నాళ్లుగా చెమ్మ కారుతోందని అర్థం. వాష్‌బేసిన్ల కింద, ఫ్లష్ ట్యాంకుల పక్కన, గీజరు దగ్గర ఇవాళే టార్చి వేసి చూడు. ఇత్తడి నట్టున్నవి తెచ్చి ఒక్కొక్కటే మార్పించు. రెండు అడుగుల పైపు ఒకటి, అరంగుళం యాంగిల్ కాక్ ఒకటి, పైపు నోరు మూసే అరంగుళం ఎండ్ ప్లగ్ రెండు, టెఫ్లాన్ టేపు, పాత సైకిల్ ట్యూబు ముక్క, ఇవి ఒక డబ్బాలో వేసి సింకు కింద పెట్టుకో. రాత్రి హార్డ్‌వేర్ షాపులు ఉండవు, ప్లంబర్ సంచిలో ఉన్న సామాను అతను చెప్పిన ధరకే కొనాలి. నీ దగ్గర సామాను ఉంటే కూలి మాత్రమే ఇస్తావు. కొళాయి విరిగితే వాల్వు కట్టి, టేపు చుట్టిన ఎండ్ ప్లగ్ నువ్వే బిగించి మళ్లీ నీళ్లు వదులుకోవచ్చు.

ఇక పిలవాల్సి వస్తే. ఫోన్లో "నీళ్లు కారుతున్నాయి, త్వరగా రండి" అంటే అతనికి ఏమీ తెలియదు, నీ భయం ఒక్కటే తెలుస్తుంది. ఎక్కడ కారుతోంది, వాల్వు కట్టావా, పైపు తెల్లటి ప్లాస్టిక్‌దా ఇనుపదా, ఎన్నో అంతస్తు, ఇవి చెప్పు. వాట్సాప్‌లో చిన్న వీడియో, లొకేషన్ పంపు. ఇనుప పైపుకి తెచ్చే పనిముట్లు వేరు, సీపీవీసీకి, అదే ఆ తెల్లటి ప్లాస్టిక్‌కి, వేరు. సామాను లేదని మళ్లీ తిరిగి వెళ్లాల్సిన పని తప్పుతుంది. ఆ ఫోన్లోనే మూడు విషయాలు అడుగు: వచ్చి చూసినందుకు ఎంత, పనికి కూలి ఎంత, సామాను ఎవరిది. కన్నడంలో "ఎష్టు ఆగుత్తె?" అంటే చాలు. చూసినందుకు తీసుకునేది కూలిలో కలుస్తుందా, విడిగానా అన్నది కూడా తేల్చుకో. గొడవలన్నీ అక్కడే వస్తాయి. యాప్‌లో బుక్ చేస్తే రేట్లు ముందే కనపడతాయి, అది మంచిదే, కానీ అర్ధరాత్రి మనిషి దొరుకుతాడని నమ్మకం పెట్టుకోకు.

రాత్రిపూట ఎక్కువ అడిగాడని మాత్రం ఎవరినీ తిట్టకు. నిద్ర లేచి, బండి తీసి, వానలో వచ్చే మనిషికి ఎక్కువ ఇవ్వడమే న్యాయం. ముందు చెప్పకుండా పనయ్యాక అడగడం మాత్రం అన్యాయం. నీకు జరిగింది అదే. పని మొదలుపెట్టే ముందే ఇంత అని ఒప్పుకుని, వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకో. మార్చిన పాత సామాను అడిగి తీసుకో. వెళ్లే ముందు నీళ్లు వదిలి, అతని ఎదురుగానే అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం పెట్టి చూడు, ఒక్క చుక్క ఉన్నా కాగితం చెప్పేస్తుంది. సీపీవీసీ అతుకు అయితే సొల్యూషన్, అంటే అతికించే జిగురు, ఆరేదాకా నీళ్లు వదలకూడదు. ఎంతసేపో ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. తొందరపెట్టి వదిలిస్తే తెల్లారేసరికి అతుకు ఊడి చేతికొస్తుంది.

గోడలో చెమ్మ కనపడితే "టైల్స్ పగలగొట్టాలి" అంటారు. రాత్రిపూట దేనికీ పగలగొట్టనివ్వకు. ఆ పైపు వాల్వు కట్టేసి, పగలు పైపులో నీళ్లు ఒత్తిడితో నింపి లీకు పట్టే ప్రెజర్ పంపు ఉన్న మనిషిని పిలిపించి, ఏ లైను కారుతోందో తేలాకే సుత్తి పట్టనివ్వు. ట్యాంకులో నీళ్ల మట్టం రాత్రి గుర్తు పెట్టి, మోటారు ఆపి, ఎవరూ వాడకుండా ఉంచి పొద్దున చూస్తే లీకు ఉందో లేదో నీకే తెలుస్తుంది.

తెల్లారేదాకా ఆగలేనిది ఒకటుంది, మోరీ నీళ్లు ఇంట్లోకి ఎదురు తన్నడం. గట్టి వాన పడిన రోజు కింది ఇళ్లకి ఈ బాధ ఎక్కువ. వాన నీళ్ల పైపుని డ్రైనేజీలో కలిపేస్తారు, లైను పట్టక వెనక్కి తన్నుతుంది. మీ ఇంట్లో అలా కలిపి ఉంటే వెంటనే విడదీయించు. ఎదురు తన్నిన రోజు మొదట మీ మేడ మీద అద్దెకున్నవాళ్లకి చెప్పు, కొళాయి, ఫ్లష్ ఏదీ వాడొద్దని. వాళ్లు పైన పోసే ప్రతి చెంబూ నీ బాత్‌రూములోనే తేలుతుంది. తర్వాత గేటు దగ్గరి డ్రైనేజీ ఛాంబరు మూత తీసి చూడు. అది అంచుదాకా నిండి ఉంటే అడ్డు వీధి లైనులో ఉంది, అది వాటర్ బోర్డు పని. 1916కి ఫోన్ చెయ్యి, బిల్లు మీదున్న ఆర్.ఆర్. నంబరు దగ్గర పెట్టుకో. నీళ్లు గట్టిగా చిమ్మి అడ్డు తీసే జెట్టింగ్ మెషీన్ పంపిస్తారు. గేటు దగ్గరి ఛాంబరు ఖాళీగా ఉండి, బాత్‌రూము వైపుది నిండి ఉంటే అడ్డు మన ఇంట్లోనే, ప్లంబర్‌ని మనమే పిలుచుకోవాలి. ఇది చూడకుండా ప్లంబర్‌ని పిలిస్తే, అతను గంటసేపు కర్ర పొడిచి, వీధిలో ఉందని చెప్పి డబ్బులు తీసుకుని పోతాడు.

ఇది మాత్రం నా మీద ఒట్టు పెట్టి చెప్తున్నాను. ఎవరైనా "అక్కా, నేను దిగి తీసేస్తాను" అని మ్యాన్‌హోల్‌లోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ దిగబోతే దిగనివ్వకు. ఎంత తక్కువకి వస్తానన్నా సరే, ఎంత కంపు కొడుతున్నా సరే. లోపలి గ్యాసుకి మనిషి రెండు ఊపిరుల్లో పడిపోతాడు, కాపాడదామని దిగినవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం, చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఒక రాత్రి మీరంతా పక్కింట్లో పడుకోండి, మెషీన్ వచ్చేదాకా ఆగండి. సంపు కూడా అంతే, మూతకి తాళం వెయ్యి, పాప నడక నేర్చేలోపే.

సింకులో అడ్డుపడిందని యాసిడ్ పొయ్యకు. ఒకవేళ పోసి ఉంటే ప్లంబర్‌కి మొదటి మాటగా చెప్పు, అతను ఆ పైపులో వట్టి చెయ్యి పెడతాడు. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకు, విషపు గాలి వస్తుంది.

మా ఇంటికి వచ్చే కుర్రాడు ఒడిశాలోని కేంద్రపడా వాడు. ఈ ఊళ్లో ఆ వైపు నుంచి వచ్చిన ప్లంబర్లు చాలామంది. పని పద్ధతిగా చేస్తాడు, తెలుగు కాస్త వచ్చు. నంబరు వాట్సాప్‌లో పంపుతాను. ఏ లీకూ లేని రోజున ఒకసారి పిలిచి, వాల్వులు మార్చే పని ఇచ్చి, ఇల్లు చూపించు, కాఫీ ఇవ్వు. ఇల్లు తెలిసినవాడు అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాడు, ఎత్తకపోయినా ఏ వాల్వు కట్టాలో ఫోన్లోనే చెప్తాడు.

వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. వంటింటి వాల్వుకి ఎర్ర దారం, బాత్‌రూముకి పచ్చ దారం కట్టి, పెయింటుతో పేర్లు రాద్దాం. అల్లుడుగారిని కూడా మిద్దె ఎక్కమను, ఆయనకీ చూపిస్తాను. మీ ఇంట్లో నిచ్చెన ఉందా, లేక మా ఇంటిది ఆటోలో వేసుకు రానా, ఆ ఒక్కటి శనివారం లోపు చెప్పు.

నీ పెద్దమ్మ